మేడ గది కర్టెన్లు

నవంబరు 4
వంటగది బల్ల దగ్గర నుంచి

మరదలికి,

ఈ ఉత్తరం ఎందుకో ముందే చెబుతాను. ఫోనులో నీతో పని జరగడం లేదు. నేను తేదీ అడిగితే నువ్వు చలి సంగతి చెబుతావు. గట్టిగా అడిగితే, "ఏమిటో వదినా, సరిగా వినపడటం లేదు" అంటావు. మా పక్కింటాయన రెండో పెళ్ళి కబురు మాత్రం, నేను గొంతు తగ్గించి చెప్పినా, ఒక్క ముక్క పోకుండా వినపడింది. కాగితం మీద చెవుడు ఉండదు కనుక కాగితం తీశాను.

మన ఒప్పందం నీకు గుర్తు చేయవలసి రావడం నాకు నచ్చలేదు. మూడేళ్ళ కిందట, మీ అన్నయ్య పోయిన నెలలో, నువ్వు ఈ బల్ల దగ్గరే కూర్చుని, "కుట్టు కొట్టు మూసేసిన రోజున వచ్చేస్తాను వదినా, మేడ గది నాది, అందులో వెలుతురు బాగుంటుంది" అన్నావు. నేను సరే అన్నాను. కొట్టు ఈ వానాకాలానికి ముందే మూశావు. వానలు వెళ్ళాయి. చలి వచ్చింది. నువ్వు రాలేదు. పదవీ విరమణ దాకా ఊళ్ళవాళ్ళ పొలాల హద్దులు కొలిచి రాసిన మనిషిని నేను. హద్దు జరిగితే నాకు తెలుస్తుంది.

మేడ గదిలో పని మొదలుపెట్టాను. కప్పు మూలన చెమ్మ దిగుతున్న చోట గోకించి సున్నం వేయించాను. కిటికీ చెక్క వానకు ఉబ్బి, ఇప్పుడు ఆరి, చుట్టూ సందు వదిలింది. అందులోంచి గాలి ఈల వేస్తోంది. వడ్రంగి వచ్చి చూసి, "లప్పం పెట్టేస్తే సరిపోతుందమ్మా" అన్నాడు. "పెట్టినది వచ్చే వానలకి రాలిపోతుంది, అప్పుడు మళ్ళీ నిన్నే పిలవాలి, అందుకేనా?" అన్నాను. తల గోక్కుని, చెక్క పట్టీలు కోయడానికి వెళ్ళాడు.

కిటికీ వెడల్పు నాలుగడుగులు, కర్టెను పొడవు అయిదున్నర. కుట్టి పంపు. మందపు బట్ట తీసుకో. రంగు నీ ఇష్టం, ఎర్రది తప్ప.

కింద ముందు గది సంగతి అడుగుతావేమో. తాళం వేసే ఉంది. ఆ గది సర్దే తీరిక నాకు లేదు.

ఏ తేదీన వస్తున్నావో రాయి. తేదీ అంటే అంకె.

వదిన


నవంబరు 13
కొట్టు వెనక గది, దుప్పట్లో నుంచి

వదినకి,

నీ ఉత్తరం చదువుతుంటే బళ్ళో బల్ల ఎక్కి నిలబడ్డట్టు అనిపించింది. పైగా ఎర్ర రంగు వద్దంటావా! అన్నయ్యకి ఎర్ర రంగే ఇష్టమని నీకు తెలిసీ.

వస్తాను వదినా. రాకేం చేస్తాను? కాకపోతే ఈ చలి కాస్త తగ్గనీ. మీ ఊరి చలి ఎముకలు కొరుకుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నా పిల్లి. మీసాలది. దాన్ని ఎవరికి అప్పజెప్పను? నీకు పిల్లంటే పడదు. గడప దాటనివ్వవు. ఎదురింటి ఇస్త్రీ ఆవిడని అడిగాను. "నాకే తిండి లేదు, నీ పిల్లికి పాలెక్కడివి" అంది. అంటూనే రోజూ నాకు తిండి తెచ్చిపెడుతోంది. అలాంటి నోరు, అలాంటి చెయ్యి.

తెచ్చిపెట్టడం ఏమిటని అడక్కు. నాకు ఈ మధ్య వండుకోవడానికి బద్ధకం. అంతే.

మేడ మీద గాలి ఈల వేస్తోందన్నావు. ఆ ఈల నాకు గుర్తుంది. చిన్నప్పుడు నేనూ అన్నయ్యా ఆ కిటికీ కిందే పడుకునేవాళ్ళం. దయ్యం అనేవాడు. నేను నమ్మేదాన్ని. పట్టీలు వేయించేముందు ఒక్కసారి నా బదులు విను.

కర్టెన్లు కుడతాను. నీలం రంగు.

నీ మరదలు


నవంబరు 24
పెరటి గడప మీద, ఎండలో

మరదలికి,

అంకె అడిగితే పిల్లిని పంపావు.

పిల్లి సంగతి తేల్చాను. పెరటి తలుపుకి కింద మీసాలది దూరేంత కంత కోయించి, దానికి మూతరేకు వేయించాను. వడ్రంగి ఉలి కింద పెట్టి నన్ను చూశాడు. "అమ్మగారూ, చలిగాలి రాకుండా సందులన్నీ మూయమని నన్ను పిలిచారు. ఇప్పుడు మీరే మంచి తలుపుకి కన్నం పెట్టమంటున్నారు. నాకేదో చెప్పండి, నేను రావాలా పోవాలా?" అన్నాడు. "వచ్చే మనిషి పిల్లితో వస్తోంది" అన్నాను. "అయితే ఆ మనిషి గట్టిదే" అన్నాడు.

చలి సంగతి. నీళ్ళ గొట్టాలకి గోనె చుట్టించాను. పొగగొట్టం దులిపించాను. దాని అడుగున పక్షిగూడు, రెండు బంతులు, నా పాత కొలబద్ద దొరికాయి. కొలబద్ద అక్కడికి ఎలా వెళ్ళిందో నాకు తెలియదు, మీ అన్నయ్యకి తెలుసు. మందపు బొంతలు మూడు రోజులుగా ఎండలో వేస్తున్నాను. కనుక చలి అనే కారణం కూడా కొట్టివేస్తున్నాను.

ఆదివారం మనవరాలు వచ్చింది. "దర్జీ అమ్మమ్మ ఎప్పుడొస్తుంది?" అంది. "చలి తగ్గాక వస్తుందట" అన్నాను. "చలి తగ్గితే ఎండాకాలం, అప్పుడు ఎండ అంటుంది" అంది. ఈ పిల్లకి నా పోలిక వచ్చింది.

నిన్న మెట్ల దగ్గర బల్బు పోతే స్టూలు ఎక్కి మార్చాను. మార్చి దిగి, కాసేపు అక్కడే నిలబడ్డాను. "ఈ వయసులో నీకెందుకే కోతి పనులు" అని ఎవరైనా తిడతారేమోనని. ఎవరూ తిట్టలేదు. బల్బు బాగా వెలిగింది.

పట్టీలు వేయించేముందు ఈల విన్నాను. దయ్యం కాదు. గాలి.

వదిన


డిసెంబరు 6
కొట్టు వెనక గది

వదినకి,

కర్టెన్లు ఈ పొట్లంలో ఉన్నాయి. నీలం మీద సన్నటి చారలు. పైన కమ్మీ దూరడానికి మడత వదిలాను. వేలాడదీసి, ఎలా ఉన్నాయో రాయి.

నువ్వు స్టూలు ఎక్కావని చదివాక నీళ్ళు తాగాల్సి వచ్చింది. ఎందుకే నీకు కోతి పనులు? ఇదిగో, తిట్టాను. ఇంక ఎక్కకు. నిజంగా చెబుతున్నాను వదినా, పడితే తెలుస్తుంది.

పిల్లికి తలుపు పెట్టించావా! నువ్వేనా? ఆ మాట ఇస్త్రీ ఆవిడకి చదివి వినిపించాను. "మీ వదిన రాక్షసి అన్నావు కదే" అంది. నేనెప్పుడూ అనలేదు. ఒకటి రెండు సార్లు అని ఉంటాను.

తేదీ ఇప్పుడే వేయలేను. కొట్టు సామాను కొంత అమ్మాలి. కత్తిరింపు బల్ల కొనేవాడు దొరకలేదు.

నీ మరదలు


డిసెంబరు 12
మేడ గది, కిటికీ పక్కన

మరదలికి,

కర్టెన్లు వచ్చాయి. పొడవు సరిగ్గా ఉంది. వెడల్పు సరిగ్గా ఉంది. రంగు బాగుంది. ఇంకెవరికైనా ఈ ఉత్తరం ఇక్కడితో అయిపోయేది.

వేలాడదీసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూశాను. కింది అంచు అంతా చేతికుట్టు. పక్క అంచులూ చేతికుట్టే. పైన కమ్మీ దూరే మడత, రెండు వరసలు, అదీ చేతికుట్టే. ఒక్క అంగుళం మిషను నడవలేదు.

నీ సంగతి నాకు తెలుసు. మీ అన్నయ్య చొక్కాకి గుండీ కూడా మిషను మీదే కుట్టాలని చూసి సూది విరిచిన మనిషివి. "చేతికుట్టు తీరిక ఉన్న వాళ్ళది కాదు, మిషను లేని వాళ్ళది" అని అందరి దగ్గరా అనేదానివి. నీ కాలు ఆడుతుంటే ఆ శబ్దానికి పక్క కొట్టువాడు గడియారం సరిచేసుకునేవాడు. అలాంటిది రెండు కర్టెన్లు, ఇంత పొడవు, చేత్తో కుట్టి పంపావు. కుట్టు చక్కగా ఉంది. అదే నన్ను భయపెట్టింది. ఎన్నాళ్ళు కూర్చుంటే అంత కుట్టు పడుతుందో ఊహించగలను.

ఎందుకు?

వదిన


డిసెంబరు 19
కొట్టు వెనక గది

వదినకి,

అయ్యో, ఇంతేనా! మిషను బెల్టు తెగింది. పాత తోలు కదా, చలికి బిరుసెక్కి పుటుక్కుమంది. ఇక్కడ ఆ కొలత బెల్టు దొరకడం లేదు. నువ్వేమో అంచు చూస్తే మనిషి గుట్టంతా తెలుస్తుందనుకుంటావు. ఆ ఆఫీసులో నిన్ను ఎలా భరించారో!

మీసాలది నా ఒళ్ళో పడుకుని ఉంది, అందుకే అక్షరాలు వంకర.

నీ మరదలు


డిసెంబరు 27
వీధి అరుగు మీద, పోస్టుకి వెళ్ళేముందు

మరదలికి,

బెల్టు పంపుతున్నాను. మిషన్లు బాగుచేసే ఆయన దగ్గర నిలబడి, నీ మిషను రకం చెప్పి, కోయించి, కొక్కెం పెట్టించాను. ఇంకో బెల్టు కూడా ఉంచాను, అదీ తెగిందంటావేమోనని.

ఇది మిషనుకి వేసుకుని, ఏదైనా బట్ట ముక్క మీద జానెడు కుట్టు నడిపి, ఆ ముక్క నాకు పంపు. ముక్క వచ్చేదాకా నేను ఇంకేమీ అడగను.

వదిన


జనవరి 5
మంచం మీద నుంచి

వదినకి,

ముక్క పంపుతున్నాను. చూడు. మిషను కుట్టులా కనపడాలని పక్కపక్కన చిన్న చిన్న పోగులు చేత్తో వేశాను. నాలుగంగుళాలు పోయేసరికి నామీద నాకే సిగ్గేసింది. ఆపేశాను. అరవై దాటిన మనిషిని, వదినని మోసం చేయడానికి కళ్ళద్దాలు పెట్టుకుని దొంగకుట్టు కుడుతున్నాను!

బెల్టు తెగలేదు వదినా. వానాకాలంలో, కొట్టు ఖాళీ చేస్తూ బట్ట తానులు మోసుకుని వస్తుంటే తడి మెట్టు మీద కాలు జారింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. లోపల ఇనుప పలక వేశారు. అప్పుడు నీకు ఫోను చేసి "జలుబు, గొంతు పోయింది" అని చెప్పింది ఆసుపత్రిలో నుంచే. ఇప్పుడు వాకర్ పట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తాను. కుడికాలు మామూలే. ఎడమ కాలు నేల మీద ఆనుతుంది, మిషను తొక్కదు. మెట్టు అసలే ఎక్కదు. పైకి ఎప్పటికైనా ఎక్కగలనా అని డాక్టరుని అడిగితే, "మీ ఇంట్లో మేడ ఉందా?" అని తిరిగి అడిగాడు. నాకు అర్థమైంది.

నువ్వు ఆ మేడ గదికి ఒక్కో పట్టీ వేయిస్తున్నావని చదివినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఇంత చేస్తున్న మనిషికి ఎలా చెప్పను?

చెప్పకపోవడానికి అసలు కారణం అది కూడా కాదు. అన్నయ్య మంచాన పడ్డాక నాలుగేళ్ళు నువ్వు ఎత్తావు, దించావు, స్నానం చేయించావు, పక్క మార్చావు. నేను పండగకో పబ్బానికో వచ్చి రెండు చొక్కాలు కుట్టి పెట్టి వెళ్ళేదాన్ని. ఆయన పోయాక నువ్వు ఆ ముందు గది తాళం తీయలేదు. తీరిక లేదని రాశావు. నీకా తీరిక లేనిది? పొగగొట్టంలో పక్షిగూడు తీయించడానికి తీరిక ఉంది. ఆ గది ఎందుకు తెరవవో నాకు తెలుసు. నేను వస్తే నన్ను ఉంచాల్సింది ఆ గదిలోనే. నడవలేని మనిషిని మళ్ళీ అదే గదిలో నీ ముందు పడేయడానికి నాకు మనసొప్పలేదు. ఒక జన్మకి ఒక్క రోగి చాలు నీకు.

రావాలని లేక కాదు. ఆ వంటగది బల్ల, నీ సణుగుడు, ఆ కిటికీ ఈల, అన్నీ కావాలి. కళ్ళు మూసుకుంటే ఆ ఇంట్లో ఏ గడప ఎంత ఎత్తో చెప్పగలను. అందుకే రాను.

మేడ గది మనవరాలికి ఇచ్చెయ్యి. కర్టెన్లు దానికి బాగుంటాయి. బెల్టులు రెండూ తిప్పి పంపుతున్నాను.

కోప్పడకు.

నీ మరదలు


జనవరి 11
ముందు గది నుంచి

మరదలికి,

కోప్పడకు అని రాశావు. ఆలస్యమైంది. అప్పటికే కోప్పడ్డాను. వంటగదిలో ఒక్కదాన్నే నిలబడి నిన్ను పేరు పెట్టి తిట్టాను. ఆసుపత్రిలో పడుకుని జలుబు అని చెబుతావా! ఇస్త్రీ ఆవిడకి తెలుసు, పిల్లికి తెలుసు, నాకు తెలియదు. ఆ తరవాత నువ్వు పంపిన ముక్క తీసి చూశాను. దొంగకుట్టు నాలుగంగుళాలు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంక తిట్టడం సాగలేదు.

ఉత్తరం పైన ఏ గది అని రాశానో చూశావు కదా. తాళం తుప్పు పట్టి తిరగలేదు. వడ్రంగిని పిలిస్తే నూనె పోసి, కాసేపాగి, "తీయమంటారా అమ్మగారూ?" అని అడిగాడు. తాళం తీయడానికే పిలిచిన మనిషి అలా అడగడం చూస్తే, ఈ వీధిలో అందరికీ నా సంగతి తెలుసునని అర్థమైంది. "నీకు కూలి ఇచ్చేది అడగడానికా తీయడానికా?" అన్నాను. తీశాడు. తీసి, పెరట్లో ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు. మంచివాడే.

లోపల మూడేళ్ళ దుమ్ము. కిటికీ తీశాను. గోడ పొడవునా మీ అన్నయ్య పట్టుకుని నడవడానికి బిగించిన కమ్మీ అలాగే ఉంది. చక్రాల కుర్చీ కోసం గడప కోయించి వేసిన వాలుపలక అలాగే ఉంది. స్నానాలగది తలుపు వెడల్పు చేయించింది అలాగే ఉంది. మంచం తలాపున గోడకి ఆయన తల ఆనించే చోట సున్నం నున్నగా మెరుస్తోంది. ఆ కమ్మీ పీకించేయాలని రెండు చలికాలాలుగా అనుకుంటున్నాను. ప్రతిసారీ పని వాయిదా వేసింది వడ్రంగి కాదు, నేనే.

నువ్వు రాసినదాంట్లో ఒకటి సరిచేయాలి. నేను నాలుగేళ్ళు మోశానన్నావు. నిజమే. నడుము నొప్పి ఇప్పటికీ ఉంది. కాని ఆ నాలుగేళ్ళూ ఆయన ఊరికే పడుకున్నాడనుకున్నావా? దుప్పటి మెడ దాకా కప్పావేమే, నేనింకా పోలేదు అనేవాడు. కిటికీ తీస్తే ఎందుకు తీశావు, మూస్తే ఎందుకు మూశావు. నేను మందు కొలిచి పోస్తుంటే, "ఆ చుక్క ఎవరి పొలం సరిహద్దే?" అని నవ్వేవాడు. పొద్దున లేచిన దగ్గరనుంచి ఎదురు చెప్పే మనిషి ఒకడు ఈ గదిలో ఉండేవాడు. నేను తాళం వేసింది ఆ మంచం చూడలేక కాదు. ఈ గదిలోకి వచ్చి ఏ పని చేసినా, తప్పు పట్టే గొంతు వినపడదని. మూడేళ్ళుగా ఈ ఇంట్లో నేను ఏం చేసినా ఒప్పే. అంత ఒప్పు నాకు పడటం లేదు.

నువ్వు భారం అనుకుంటున్నదేదో, నాకు అదే కరువు.

కిటికీకి నీ కర్టెన్లు తెచ్చి పట్టి చూశాను. ఈ కిటికీ పొట్టిది. జానెడు పొడవు ఎక్కువై నేల మీద పడుతున్నాయి. నేను కత్తెర ముట్టుకోలేదు. అది దర్జీ పని.

ఇక జరగవలసినవి. చర్చ లేదు.

1. మేడ గది మంచం, కుట్టుబల్ల ఈ వారం కిందికి దిగుతాయి. వడ్రంగి ఒప్పుకున్నాడు. "కిందే పెట్టాల్సింది మేడ మీద ఎందుకు బాగుచేయించారమ్మా" అన్నాడు.

2. గోడ కమ్మీ మీ అన్నయ్య ఎత్తుకి ఉంది. నువ్వు నిలబడి చెయ్యి వదులుగా వదిలితే, నేల నుంచి మణికట్టు దాకా ఎంతో కొలిపించి రాయి. ఇస్త్రీ ఆవిడ చేత కొలిపించు. నీ కొలత నేను నమ్మను.

3. నీ మిషను ఇక్కడికి రాగానే మోటారు పెట్టిస్తాను. కుడికాలితో నొక్కితే చాలు. బెల్టులు రెండూ అట్టేపెట్టాను.

4. ఇరవైయ్యో తేదీన సామాను బండి వస్తుంది. ముందు సీట్లో నేనూ వస్తాను. ఇస్త్రీ ఆవిడతో నాకు మాట్లాడవలసినది ఉంది. ముందు దండం పెట్టి, తరవాత నాకెందుకు కబురు చేయలేదని అడుగుతాను.

5. మీసాలది నీ ఒళ్ళో రావచ్చు. తలుపుకి కన్నం సిద్ధంగా ఉంది.

6. మేడ కిటికీకి వేసిన పట్టీ ఒకటి పీకించాను. ఈల కింది గది దాకా వినపడుతోంది. గాలే.

7. కర్టెన్ల అంచు నువ్వే మడిచి కుట్టాలి. నీలం కాకుండా ఎర్రది పంపి ఉంటే బాగుండేదని ఈ గదిలో నిలబడ్డాక నాకు అనిపించింది. ఈ మాట మళ్ళీ అనను.

8. పొద్దున లేచిన దగ్గరనుంచి నాకు ఎదురు చెప్పడం. ఈ పని పూర్తిగా నీది. ఇందుకు కాళ్ళతో అవసరం లేదు. ఇరవైయ్యో తేదీ దాకా ఆగకుండా, ఈ ఉత్తరానికి జవాబుతోనే మొదలుపెట్టు.

వదిన